ద్వోర్జాక్ పియానో మాల ఓపస్ 85: ఆండ్స్‌నెస్ రికార్డింగ్ విన్నారా?

తెల్లమెట్లు (హైదరాబాద్)

చెక్ స్వరకర్త ద్వోర్జాక్ పేరు చెబితే మనలో చాలామందికి న్యూ వరల్డ్ సింఫనీ గుర్తొస్తుంది. లేకపోతే పిల్లల వయొలిన్ క్లాసుల్లోంచి వినబడే హ్యూమరెస్క్. పియానోకి ఆయన పెద్దగా ఏం రాశాడయ్యా అంటే ఈమధ్యదాకా నేనూ నీళ్లు నమిలేవాణ్ణే. ఓపస్ (అంటే రచన సంఖ్య) 85, 'పొయెటిక్ టోన్ పిక్చర్స్' అని ఒకటుంది. 1889 ఏప్రిల్, జూన్ నెలల మధ్య రాసిన పదమూడు ముక్కల మాల. మొత్తం వినడానికి గంటకి కాస్త తక్కువ పడుతుంది. నార్వే పియానిస్టు లైఫ్ ఊవ్ ఆండ్స్‌నెస్ దీన్ని మొదటినుంచి చివరిదాకా వాయిస్తే 2022లో సోనీ క్లాసికల్ విడుదల చేసింది. కొన్నేళ్ల కిందటి మాటే అయినా, నూట ముప్పై ఏళ్లు మూలన పడున్న సంగీతానికి అది నిన్నటి కిందే లెక్క.

ఈయన ఇలాంటివి ఇంతకుముందూ చేశాడు. నార్వే స్వరకర్త గ్రీగ్ లిరిక్ పీసెస్ కొన్నింటిని గ్రీగ్ ఇంట్లో, గ్రీగ్ సొంత పియానో మీదే రికార్డు చేశాడు. 2017లో ఎవరూ పట్టించుకోని సిబేలియస్ పియానో ముక్కలతో ఒక ఆల్బమ్ తెచ్చాడు. బెర్గెన్‌లో ఆయనకి నేర్పిన గురువు యిరీ హ్లింకా చెక్ దేశస్థుడు, కాబట్టి ద్వోర్జాక్ మీద మక్కువ ఊరికే ఊడిపడింది కాదు. 19వ శతాబ్దపు పియానో మాలల్లో అందరూ మర్చిపోయిన గొప్పది ఇదేనని ఆయనే చెప్పుకొచ్చాడు.

అంత గొప్పదైతే ఇన్నాళ్లూ ఎందుకు వాయించలేదు మరి? నాకు చాలా నచ్చింది. కానీ నచ్చడానికి కారణం సంగీతమా, ఆండ్స్‌నెస్ వేళ్లా అన్నది తేలడం లేదు. విన్నవాళ్లు చెప్పండి.


ఎడిసన్ నాన్న (న్యూజెర్సీ)

మా వాడు వయొలిన్ నేర్పే సుజుకీ పుస్తకాల్లో మూడోదాంట్లో ఉన్నాడండీ. అంటే ఇంట్లో పొద్దున హ్యూమరెస్క్, సాయంత్రం హ్యూమరెస్క్. ద్వోర్జాక్ అంటేనే చెవులు మూసుకునే స్థితిలో ఉన్నాను. అయినా అడుగుతున్నా, గంట వినే ఓపిక లేనివాడు ఎక్కడ మొదలుపెట్టాలి?


తెల్లమెట్లు

హహ, మీ కష్టం పగవాడికి కూడా వద్దు. ఆ హ్యూమరెస్క్ అసలు పియానో ముక్కేనండీ, 1894లో రాసిన ఓపస్ 101లో ఏడోది. వయొలిన్‌కి తర్వాత మార్చుకున్నారు.

దీంట్లో తొమ్మిదో ముక్కతో మొదలుపెట్టండి, సెరినేడ్. కిటికీ కింద నిలబడి ఎవరో గిటార్ మీటుతున్నట్టు మొదలవుతుంది. తర్వాత పదకొండోది. దాని పేరు 'పిచ్చాపాటి' అనుకోవచ్చు, పేరుకి తగ్గట్టే గలగలా మాట్లాడుతుంది. ఆ రెండూ నచ్చితే ఒకటోది, 'రాత్రి దారిలో'. నచ్చకపోతే నన్ను తిట్టుకోండి.


రికార్డుల బీరువా (విజయవాడ)

అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను అడ్డం పడతాను.

ఈ మాల మూలన పడిందంటే ఎవరో కుట్ర చేసి కాదు. పదమూడింటిలో ఐదో ఆరో గట్టివి. మిగతావి ఒకే మాటని మూడుసార్లు చెబుతాయి. షూమన్ 'కిండర్‌షీనెన్' కూడా పదమూడు ముక్కలే, పద్దెనిమిది పంతొమ్మిది నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కటంటే ఒక్కటి తీసెయ్యలేం. ఇక్కడ పదో ముక్క బాకనాల్ (తాగి చిందులేసే పండగ) వినండి. మొదటి నిమిషంలో హుషారు ఉంది, ఒప్పుకుంటా. ఆ తర్వాత అదే గంతు, మళ్లీ అదే గంతు. ద్వోర్జాక్‌కి ఆర్కెస్ట్రా ఉంటే ఒకసారి క్లారినెట్‌కి, ఇంకోసారి చెల్లోలకి ఇచ్చి రంగు మార్చేవాడు. పియానో మీద ఆ వెసులుబాటు లేదు, తిరిగి రావడం తిరిగి వచ్చినట్టే వినబడుతుంది.

పైగా ఇది కొత్త సంగతేం కాదు. రాడొస్లావ్ క్వాపిల్ ఎప్పుడో సుప్రఫాన్ రికార్డు కంపెనీ కోసం ద్వోర్జాక్ పియానో సంగీతం అంతా రికార్డు చేశాడు. స్టెఫాన్ వెసెల్కా నాక్సోస్‌కి చేశాడు. ఈమధ్యే ఈవో కహానెక్ కూడా. సోనీ వాళ్ల ప్రచారం తోడైతే మర్చిపోయింది గుర్తొచ్చింది, అంతే.


సాగరతీరం (విశాఖపట్నం)

బీరువా మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మీద గొడవ పెట్టుకుంటాను.

నేను పియానో పాఠాలు చెబుతాను. నాలుగో ముక్క 'వసంతగీతం', ఆరోది 'జ్ఞాపకం' స్వయంగా సాధన చేశాను, ఒకటోదానితో ఇంకా కుస్తీ పడుతున్నాను. వాయించకపోవడానికి మొదటి కారణం చేతులకి తెలుస్తుంది. షోపాన్ రాస్తే ఎంత కష్టమైనదైనా చెయ్యి అలవాటుపడ్డాక దానంతట అదే వెళుతుంది, ఎందుకంటే ఆయన పియానో ముందు కూర్చుని వేళ్లతో ఆలోచించాడు. ద్వోర్జాక్ కుర్రతనంలో ప్రాగ్ థియేటర్ ఆర్కెస్ట్రాలో వయోలా వాయించి బతికినవాడు. ఆయన తలలో నాలుగు వరుసలు ఒకేసారి నడుస్తాయి. పైన రాగం, కింద బేస్, మధ్యలో రెండు గొంతులు మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ మధ్య గొంతుల్ని కుడిచేతి బొటనవేలు, ఎడమచేతి బొటనవేలు పంచుకోవాలి. అదే చేతి చిటికెనవేలు పైరాగాన్ని సాగదీసి పట్టుకోవాలి. చెయ్యి పూర్తిగా చాచిన స్థితిలో మెత్తగా వాయించడం ఎంత నరకమో వాయించినవాళ్లకి తెలుసు. వినేవాళ్లకి మాత్రం "ఇందులో ఏముంది, తేలిగ్గా ఉందే" అనిపిస్తుంది. పడిన కష్టం బయటికి కనపడదు, చప్పట్లు రావు. కచేరీ పియానిస్టు అలాంటిదాన్ని ఎందుకు ఎత్తుకుంటాడు చెప్పండి?

ఆండ్స్‌నెస్ గొప్పతనం నాకు అక్కడే కనిపించింది. ఒకటో ముక్కలో ఆ మధ్య గొంతులు విడివిడిగా, తొందర లేకుండా వినబడతాయి. ఏదీ ముందుకు తోసుకురాదు.

బాకనాల్ విషయంలో మీతో ఏకీభవిస్తున్నా. కొంచెం కత్తెర పడాల్సింది.


తనియావర్తనం (రాజమండ్రి)

పియానో గురించి నాకు ఓనమాలు రావు, మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఈ దారం చూసి ఏడో ముక్క ఫ్యూరియంట్ పెట్టుకున్నాను. తాళం వేద్దామని కూర్చుంటే చెయ్యి తప్పుతోంది. మూడు అనుకుంటే రెండులా వినబడుతుంది, రెండు అనుకుంటే మళ్లీ మూడు. ఏమిటీ లెక్క?


సాగరతీరం

అడగాల్సినవాళ్లే అడిగారు. ఫ్యూరియంట్ అనేది చెక్ పల్లెల నాట్యం. కాగితం మీద మూడు దెబ్బల తాళమే. కానీ అసలు పల్లెటూరి రూపంలో ఒరవడి ఇలా ఉంటుంది: తక, తక, తక, తకిట, తకిట. అంటే మూడు రెళ్లు, రెండు మూళ్లు, వెరసి పన్నెండు. ముందు ఆ మూడు 'తక'లు తాళానికి అడ్డంగా నడుస్తాయి, తర్వాత 'తకిట'లు దాన్ని మళ్లీ దారిలో పెడతాయి.

ద్వోర్జాక్ ఈ ముక్కలో ఆ లెక్కని అంత సూటిగా పెట్టలేదు, ఒత్తులు అటూ ఇటూ జరుపుతూ ఆడుకున్నాడు. శుద్ధమైన రూపం వినాలంటే స్లావోనిక్ డాన్సెస్ ఓపస్ 46లో ఎనిమిదోది పెట్టండి. మొదటి పది సెకన్లలోనే దొరికిపోతుంది.


తనియావర్తనం

పెట్టాను మేడమ్. దొరికింది! చెయ్యి ఇప్పుడు కుదురుగా పడుతోంది. తిశ్రంలో చతురశ్రం ఇరికించే పని మనకి రోజూ ఉండేదే, అక్కడి రైతులు దాన్ని కాళ్లతో చేసేవారన్నమాట.


వల్తవా ఒడ్డున (ప్రాగ్)

ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను కాబట్టి చివరి ముక్క గురించి నాలుగు మాటలు.

పదమూడోదాని పేరు 'పవిత్ర గిరి మీద'. ఊహించుకున్న కొండ కాదు, నిజంగా ఉంది. ప్రాగ్‌కి నైరుతి దిక్కున ప్రిబ్రామ్ అనే పాత గనుల పట్టణం ఉంది, దాని పక్కనే స్వతా హొరా. మేరీమాత క్షేత్రం. పట్టణంలోంచి పైదాకా కప్పు వేసిన పొడవాటి మెట్లదారి. ఎక్కుతుంటే మనవాళ్లకి అలిపిరి గుర్తురాక మానదు, ఎత్తు మాత్రం అంత లేదు. అక్కడికి దగ్గర్లోనే విసోకా అనే పల్లెలో ద్వోర్జాక్‌కి వేసవి ఇల్లు ఉండేది, 1884 నుంచీ. పావురాలు పెంచుకుంటూ, తోటపని చేసుకుంటూ రాసుకునేవాడు. ఆయన భక్తి సంగతి తెలిసిందే, రాత ప్రతుల చివర దేవుడికి కృతజ్ఞతలు రాసేవాడు.

ఇది తెలిశాక ఆ ముక్క విన్నాను. ముందు నెమ్మదిగా బరువైన స్వరసముదాయాలు, వాటి మధ్యలో హార్ప్ మీటినట్టు పైకి పాకే తీగలు. ప్రచారంలో ఉన్న మాట ఒకటి చెబుతారు, గంటలూ ఆర్గనూ కలిసి వినబడతాయని. నాకు గంటల సంగతి నిజమే అనిపించింది. బీరువా గారు చెప్పిన "ఒకే మాట మూడుసార్లు" ఇక్కడా ఉంది, కానీ ప్రార్థనలో అది తప్పెలా అవుతుంది?

ఇంకో విషయం. ఈ మాల పూర్తయ్యాక అదే వేసవిలో రెండో పియానో క్వార్టెట్, శరదృతువుకల్లా ఎనిమిదో సింఫనీ రాసేశాడు. ఆ ఏడాది మనిషి చెయ్యి ఆగలేదు. పబ్లిషర్ జిమ్‌రాక్‌కి రాసిన ఉత్తరంలో, ప్రతి ముక్కకీ ఒక పేరుంటుంది, ఏదో ఒకటి చెబుతుంది, ఆ మేరకు షూమన్ దారే, కానీ వినడానికి షూమన్‌లా ఉండవు అని ముందే చెప్పుకున్నాడు. కాబట్టి కిండర్‌షీనెన్‌తో పోలికకి జవాబు ఆయనే ఇచ్చాడు.


రికార్డుల బీరువా

ఉత్తరంలో చెప్పుకుంటే అయిపోతుందా బాబూ! నేనూ రోజూ మా ఆవిడకి చెబుతాను, వినడానికి ఘంటసాలలా ఉండకపోయినా నా దారి నాదని.

సరే, పన్నెండోది 'వీరుడి సమాధి దగ్గర', పదమూడోది పక్కపక్కన వింటే బలంగా ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. సమాధి దగ్గర మొదలై కొండ మీద తేలడం బాగుంది. కానీ మర్చిపోయిన మాల అనే బిరుదు ద్వోర్జాక్‌కి ఇవ్వడం నాకు మింగుడుపడటం లేదు. ఆయన బతికుండగానే లోకమంతా పేరున్నవాడు. ఈ మాల అచ్చయింది, అమ్ముడుపోయింది, తర్వాత వాడుక తగ్గింది. అది మామూలు తగ్గుదల. నిజంగా మరుగున పడ్డది కావాలంటే ఫానీ హెన్సెల్ 'దాస్ యార్' (సంవత్సరం) వినండి. స్వరకర్త ఫెలిక్స్ మెండెల్‌సన్ అక్కగారు.

1841లో బెర్లిన్‌లో రాసింది. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలకో ముక్క, ఆఖర్న ఒక ముగింపు ముక్క. అంతకుముందు ఏడాదే భర్తతో, కొడుకుతో ఇటలీలో గడిపి వచ్చింది. రోమ్‌లో కార్నివాల్ చూసింది, ఫిబ్రవరి ముక్కలో ఆ గోలంతా ఉంటుంది. భర్త విల్హెల్మ్ చిత్రకారుడు. శుద్ధప్రతి రంగు కాగితాల మీద రాసుకుంటే ప్రతి నెలకీ ఆయన ఒక బొమ్మ వేశాడు, పైన కవితా పంక్తులు. అంతా అయ్యాక అది ఎక్కడికి పోయింది? ఇంట్లోనే ఉండిపోయింది. మొదటిసారి అచ్చయింది 1989లో. ద్వోర్జాక్ మాలని వాయించలేదని బాధపడుతున్నాం, దీన్ని వాయించాలన్నా కాగితం దొరకలేదు.


కొత్తచెవులు (కర్నూలు)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇలాంటి పియానో రికార్డింగులకి ఐదు వేల లోపు హెడ్‌ఫోన్ ఏది బాగుంటుంది?


నిర్వాహకులు

హెడ్‌ఫోన్లకి విడిగా దారం ఉందండీ, 'పరికరాలు' విభాగంలో అడగండి. ఇక్కడ సంగీతం మాట్లాడుకుందాం. చర్చ బాగుంది, కానివ్వండి.


సాగరతీరం

మాస్టారు మంచి దారి పట్టించారు. దాస్ యార్ ఎందుకు ఇంట్లో ఉండిపోయిందో కూడా చెప్పుకోవాలి.

ఫానీకి పద్నాలుగేళ్లున్నప్పుడు, 1820లో, తండ్రి అబ్రహాం ఉత్తరం రాశాడు. ఫెలిక్స్‌కి సంగీతం వృత్తి కావచ్చు, నీకు మాత్రం అది అలంకారంగానే ఉండాలి అని. ఆ అమ్మాయి అప్పటికే బాఖ్ ప్రెల్యూడ్లు కంఠతా వాయించేది. తర్వాత ఆవిడ పాటలు కొన్ని తమ్ముడి పేరు మీద, ఆయన ఓపస్ 8, ఓపస్ 9లలో అచ్చయ్యాయి. వాటిలో ఒకదాన్ని 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుటే ఇష్టంగా పాడితే, అది మా అక్క రాసిందని చెప్పుకోక తప్పలేదు. ఆవిడ సొంత పేరుతో ఓపస్ 1 వేయించుకునేసరికి 1846 వచ్చింది, నలభై ఏళ్లు. మరుసటి మే నెలలో ఇంట్లో ఆదివారం కచేరీకి రిహార్సల్ చేయిస్తుండగా పక్షవాతం వచ్చి అదే రోజు పోయింది. ఆరు నెలలు తిరక్కుండా తమ్ముడూ పోయాడు.

సంగీతానికి వస్తే, ఆవిడ సానుభూతి అడిగే మనిషి కాదు. మార్చి ముక్కలో ఈస్టర్ కీర్తన ఒకటి మెల్లగా పైకి తేలుతుంది, తర్వాత దాని మీద అల్లికలు మొదలై చివరికి గదంతా నింపేస్తాయి. డిసెంబరు మొదట్లో వేళ్లు పరుగో పరుగు, మంచు కురుస్తున్నట్టే. ఉన్నట్టుండి ఆ పరుగు ఆగి లూథర్ రాసిన క్రిస్మస్ కీర్తన వస్తుంది. ముగింపు ముక్కలో ఇంకో కీర్తన, పాత సంవత్సరం గడిచిపోయింది అని. ఇక్కడ మాల అనే మాటకి అర్థం ఉంది. ద్వోర్జాక్‌లో సెరినేడ్‌నీ పిచ్చాపాటినీ అటూ ఇటూ మార్చినా కొంప మునగదు. దీంట్లో మార్చిని జూలై పక్కన పెట్టలేం.

వాయించడానికి కూడా ఫానీదే చేతికి హాయి. నెలలన్నీ కాదు, కొన్నింటికి గట్టి వేళ్లు కావాలి. కానీ రాసినావిడ పియానిస్టు అని అడుగడుగునా తెలుస్తుంది.


తెల్లమెట్లు

నెలలు అంటే చైకొవ్‌స్కీ సీజన్స్ కూడా అంతే కదా?


రికార్డుల బీరువా

అది పత్రిక పని. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 'నువెల్లిస్త్' అనే సంగీత మాసపత్రిక కోసం 1876లో నెలకొకటి చొప్పున ఇచ్చాడు. పేర్లు కూడా సంపాదకుడు బెర్నార్డ్ సూచించినవే. అయినా జూన్ బార్కరోల్, నవంబరు త్రోయికా లోకమంతా పాకిపోయాయి. చూశారా, అచ్చులో ఉంటే ఎంత తేడా! ఫానీది అంతకు ముప్పై అయిదేళ్ల ముందుది.

రికార్డింగుల్లో లియానా సెర్బెస్కు సీపీవో అనే కంపెనీకి చేసింది మొదట్లో వచ్చినవాటిలో ఒకటి, అచ్చు ప్రతి సంపాదకుల్లో ఆవిడా ఒకరు. వినడానికి నాకు ఎక్కువ ఇష్టమైంది లౌమా స్క్రీదె, సోనీ వాళ్లదే. ద్వోర్జాక్‌కి ఆండ్స్‌నెస్ చేసింది ఫానీకి స్క్రీదె చేసింది.


వల్తవా ఒడ్డున

చెక్ వాళ్ల మాలల్లోనే ఇంకో రెండు చెబుతాను, ద్వోర్జాక్ పక్కన పెట్టుకోవలసినవి.

స్మెతనా 'కలలు', 1875. అంతకుముందు శరదృతువులోనే ఆయనకి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. ఆరు ముక్కలు. మొదటిది చెదిరిపోయిన సంతోషం గురించి, ఆఖరిది పల్లె రైతుల పండగ. చెవుడొచ్చిన మనిషి చివర్లో పండగ చేయించాడు చూడండి.

రెండోది యోసెఫ్ సుక్ 'అమ్మ గురించి', 1907. సుక్ అంటే ద్వోర్జాక్ శిష్యుడు, అల్లుడు కూడా. ద్వోర్జాక్ 1904 మేలో పోయాడు. ఏడాది తిరిగేసరికి ఆయన కూతురు ఓతిల్కా, సుక్ భార్య, గుండె జబ్బుతో పోయింది. కొడుకు అప్పటికి పసివాడు. ఆ పిల్లాడికి అమ్మని చెప్పడానికి రాసిన అయిదు ముక్కలివి. నాలుగోది అమ్మ గుండె గురించి. ఒకే స్వరం కింద కొట్టుకుంటూ ఉంటుంది, సరిగా కాదు, ఆగి, తడబడి, మళ్లీ. పైన ఏం జరిగినా అది వదలదు. పియానో మీద అంత తక్కువ సరంజామాతో అంత పని జరగడం నేను ఇంకెక్కడా వినలేదు. ఆ పిల్లాడు ద్వోర్జాక్ మనవడు అనేది గుర్తుంచుకుని వినండి.


ఎడిసన్ నాన్న

ఆ నాలుగోది ఇప్పుడే విన్నానండీ. ఆఫీసు పార్కింగ్‌లో కారులోనే కూర్చుని. ఇక పని చేసే మూడ్ లేదు, ఎవరిని తిట్టాలో చెప్పండి.

సెరినేడ్ కూడా విన్నాను, బాగుంది. పిచ్చాపాటి మా ఆవిడకి నచ్చింది.


రికార్డుల బీరువా

సుక్ ముందు నోరెత్తను. అది వేరే స్థాయి.

చెక్ మాలలంటున్నారు కాబట్టి ఫిబిఖ్‌ని వదలకండి. అనెజ్కా షుల్జొవా అనే శిష్యురాలి మీద ప్రేమతో డైరీ రాసినట్టు 376 పియానో ముక్కలు రాశాడు. ఆవిడ చేతులకొకటి, బట్టలకొకటి. వాటిలోంచి తీసిన ఒక్క రాగం 'పొయెమ్' పేరుతో వయొలిన్ వాళ్ల చేతిలో పడి ఊరూరా తిరిగింది. మిగతావి ఎవరైనా మొత్తం విని ఉంటే ఆయనకి నా సాష్టాంగం.

అసలు విషయానికొస్తే, ఆండ్స్‌నెస్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. మరీ మర్యాదస్తుడు. ఎనిమిదో ముక్కలో పిల్లదయ్యాలు గంతులెయ్యాలి, ఈయన దగ్గర అవి చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాయి. క్వాపిల్ వేళ్లలో కాస్త మట్టి ఉంది. ఐదోది 'పల్లె గాథ' రెండు రికార్డింగుల్లో పక్కపక్కన వినండి, నేనేమంటున్నానో తెలుస్తుంది.


వల్తవా ఒడ్డున

మట్టి అంటే కహానెక్‌లోనూ ఉంది, ఆయన ఇక్కడివాడే. కానీ మాలంతా ఒక్క బిగిన విన్నప్పుడు ఆండ్స్‌నెస్ నిదానమే నిలబెడుతుంది. విడి ముక్కలకి కహానెక్, మొత్తానికి ఆండ్స్‌నెస్. నా ఓటు అది.


తెల్లమెట్లు

నేను అడిగిన ప్రశ్నకి మేడమ్ చెప్పిన చేతుల కారణమే నాకు ఎక్కువ సబబుగా అనిపిస్తోంది. బీరువా గారి కత్తెర వాదం బాకనాల్ వరకే ఒప్పుకుంటా. సాగరతీరం గారూ, పియానో పరీక్షల్లో గ్రేడ్ సెవెన్ పూర్తి చేసిన నాలాంటివాడు ఈ రెండు మాలల్లో ఏది ముట్టుకోవచ్చు?


సాగరతీరం

ద్వోర్జాక్‌లో మూడోది, 'పాత కోటలో'. నెమ్మదిగా నడుస్తుంది, పరుగులు తక్కువ. కానీ పెడల్ మీద కాలు ఆదమరిస్తే అంతా బురదైపోతుంది, స్వరం మారిన ప్రతిసారీ కాలు ఎత్తి మళ్లీ నొక్కాలి. డిజిటల్ పియానో అయితే సగం పెడల్ పట్టేది ఉందో లేదో ముందు చూసుకోండి. నోట్స్ ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బాకనాల్ జోలికి ఇప్పుడే వద్దు, మణికట్టు పోతుంది.

ఫానీలో సెప్టెంబరు చాలా అందంగా ఉంటుంది, నది పారుతున్నట్టు రాసింది, కానీ రాగం మధ్యవేళ్ల కింద దాక్కుంటుంది కాబట్టి మీకు ఇంకో ఏడాది పోనివ్వండి. జూన్ మొదలుపెట్టొచ్చు. అయితే ఒకటి, జూన్‌కి రెండు రూపాలున్నాయి. శుద్ధప్రతి రాసేటప్పుడు ఆవిడ పాతది తీసేసి కొత్తది పెట్టింది. మీరు రికార్డింగులో విన్నదీ, ప్రింట్ తీసుకున్నదీ ఒకటో కాదో చూసుకుని కూర్చోండి.